శెనక్కాయ కోతల్లో కంటికి దెబ్బ: ఒంట్లోని కాపలా ఎక్కడిదాకా కాపాడుతుంది?



ఈసారి వీడియోలో ఘనజీవామృతం లేదు, విత్తనశుద్ధి లేదు. కన్ను గురించి మాట్లాడాను. "వ్యవసాయం ఛానల్‌లో కంటి వైద్యం ఏందన్నా?" అని కొందరు అడగొచ్చు. ఇంకో మూడు వారాల్లో మన అనంతపురం చేలల్లో శెనక్కాయ కట్టె పీకడం మొదలవుతుంది. కట్టె పీకేటప్పుడు, కాయ కొట్టేటప్పుడు, వామి వేసేటప్పుడు కంట్లో నలక పడని మనిషి లేడు. చాలాసార్లు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి కన్నే పోతుంది. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో తెలుసుకోవాలని రెండేళ్లుగా చదువుతున్నా, కంటి డాక్టర్లను అడుగుతున్నా. వీడియోలో టైము చాలక వదిలేసినవి కూడా ఇక్కడ రాస్తున్నా.

చిన్నాయనకు జరిగింది

రెండేళ్ల కిందట అక్టోబర్‌లో మా చిన్నాయన కట్టె పీకుతుంటే ఎండిన కొమ్మ చివర ఎడమ కంటికి సర్రున తగిలింది. నీళ్లు కారాయి, కన్ను ఎర్రబడింది. చిన్నమ్మ కొంగు వేడి చేసి అద్దింది. మరుసటి రోజు పక్కింటి అవ్వ నందివర్ధనం పూల రసం పిండింది. మూడో రోజు టౌనుకు పోయినప్పుడు ఒక మందుల షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. నేను ఫోన్ చేస్తే "ఏం కాదులేరా, నలక పడింది అంతే. చుక్కలేసుకున్నా, తగ్గిపోయింది" అన్నాడు.

తొమ్మిదో రోజు రాత్రి నొప్పికి నిద్ర లేదు. పొద్దున చూస్తే నల్లగుడ్డు మీద తెల్లగా, గసగసాల గింజంత మచ్చ. కంటి ఆసుపత్రిలో ఆ మచ్చ మీద కొంచెం గోకి, గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోప్ కింద చూశారు. కాసేపటికే "ఇది బూజు" అన్నారు. కొన్ని రోజులకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అందులో ఉన్న పేరు చూసి నేను అక్కడే కూర్చుండిపోయా. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్.

ఆ పేరు నాకు కొత్త కాదు. డిప్లొమాలో తెగుళ్ల పుస్తకంలో చదివినదే. శెనక్కాయకు చివర్లో వాన లేక బెట్ట తగిలితే కాయ లోపల ఆకుపచ్చ పసుపు రంగులో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది కదా, ఆ బూజు పేరే ఇది. మన గింజను ఎగుమతికి పనికిరాకుండా చేసేది చిన్నాయన కంట్లో మొలిచింది.

ఆ తర్వాత రెండు నెలల వైద్యం. కన్ను నిలిచింది, చూపు నిలవలేదు. ఆ కంటితో ఇప్పుడు వెలుతురు, చెయ్యి ఊపితే నీడ మాత్రం తెలుస్తాయి. ఒంటి కన్నుతో దూరం అంచనా తెలియక కొడవలి రెండుసార్లు చేతికి తగిలించుకున్నాడు. అప్పటిదాకా నేను "మన ఒంట్లో నిరోధక శక్తి బాగుంటే ఏ రోగమూ రాదు" అని వీడియోల్లో ధైర్యంగా చెప్పేవాడిని. చిన్నాయన కొర్ర, జొన్న తిని పెరిగిన మనిషి. బీపీ లేదు, షుగర్ లేదు. మరి ఆయన ఒంట్లో కాపలా ఏమైంది?

కంటికి ఉన్న మూడు కంచెలు

కన్ను పొద్దస్తమానం గాలికి, దుమ్ముకు తెరిచి ఉండే అవయవం. రామగిరి గాలిమరలు తిప్పే గాలి మన కళ్లకు కూడా తగులుతుంది. అయినా రోజూ కంటికి రోగం రావడం లేదంటే దానికి గట్టి కంచెలున్నట్టే.

మొదటి కంచె రెప్ప. నిమిషానికి పది పదిహేనుసార్లు మనకు తెలియకుండానే మూసి తెరిచి తుడుస్తుంది. నల్లగుడ్డు మీద నరాలు చాలా దట్టంగా ఉంటాయి కాబట్టి చిన్న నలకకే అంత మంట. ఆ మంట కూడా కాపలాలో భాగమే. వెంటనే రెప్ప మూసుకుంటుంది, నీళ్లు ఊరతాయి.

రెండోది కన్నీళ్లు. ఇవి ఉత్త ఉప్పునీళ్లు కావు. పైన పలచగా నూనె, మధ్యలో నీరు, అడుగున జిగురు కలిసి ఉంటాయి. నూనె తడిని ఆరనివ్వదు, జిగురు తడిని కంటికి పట్టి ఉంచుతుంది. మధ్య నీటిలోనే ఆయుధాలున్నాయి. లైసోజైమ్ అనే పదార్థం బాక్టీరియా గోడలను పగలగొడుతుంది. లాక్టోఫెరిన్ ఇనుమును పట్టి ఉంచుకుని సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. యాంటీబాడీలు క్రిములను ఒకదానికొకటి అంటించి, కంటికి అతుక్కోకుండా బయటికి కొట్టుకుపోయేలా చేస్తాయి. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే అంతకుముందు, 1922లో, ఈ లైసోజైమ్‌ను లోకానికి చెప్పాడు. పరీక్షలకు కన్నీళ్లు కావాలని కళ్లలో నిమ్మరసం పిండి ఏడిపించేవాళ్లట.

మూడో కంచె నల్లగుడ్డు మీది పై పొర. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే భాగాన్ని కార్నియా అంటారు. దాని మందం మొత్తం అర మిల్లీమీటరు చిల్లర. అందులో పై పొర పదో వంతు మాత్రమే. కానీ దాని కణాలు ఒకదానికొకటి ఎంత బిగువుగా అతుక్కుని ఉంటాయంటే, మన పొలం దుమ్ములో రోజూ వచ్చి పడే బూజు విత్తులు అక్కడ మొలవలేవు. గట్టు తెగని చెరువులాగా.

గీసుకుపోయిందంటే ఆ గట్టు తెగినట్టు. మామూలుగా చిన్న గీతను పై పొర ఒకటి నుంచి మూడు రోజుల్లో పూడ్చేస్తుంది. ఆలోపు ఆ గీతలో ఏం పడింది అన్నదే మన తలరాత. గాజు ముక్క గీసినా గాయమే, శెనక్కాయ కొమ్మ గీసినా గాయమే. కానీ కొమ్మ వట్టి చేతులతో రాదు. మట్టిలో పెరిగిన బూజు విత్తులను గాయంలో నాటిపోతుంది. మనం గొర్రుతో చాలు తీసి విత్తనం వేస్తామే, సరిగ్గా అదే పని. పైగా లైసోజైమ్ బాక్టీరియా మీద పనిచేసినంతగా బూజు మీద పనిచేయదు. బూజు గోడ వేరే రకం.

నల్లగుడ్డులో నెత్తురు ఎందుకు లేదు?

వేలికి ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? ఎర్రగా ఉబ్బుతుంది, చీము పడుతుంది, మానుతుంది. నెత్తురు తెల్లకణాలను మోసుకొచ్చి పోరాటం చేయిస్తుంది కాబట్టి మానుతుంది. కార్నియాలో నెత్తురు గొట్టాలే లేవు. ఉంటే వెలుతురు లోపలికి సరిగా పోదు, మనకు చూపుండదు. అందుకే అది ఊపిరికి కావలసిన ఆక్సిజన్‌ను కన్నీటి గుండా గాలి నుంచి తీసుకుంటుంది, మేతను కంటి లోపలి నీటి నుంచి తీసుకుంటుంది.

ఇంకో సంగతి. కంటి లోపల ఒంటి నిరోధక శక్తి కావాలనే నెమ్మదిగా నడుచుకుంటుంది. బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మెదావర్ 1948లో కుందేళ్ల మీద చేసిన పరీక్షల్లో, పరాయి కుందేలు చర్మం ముక్కను కంటి ముందు గదిలో పెడితే, చర్మం మీద అతికించినంత తొందరగా ఒళ్లు దాన్ని తిరస్కరించదని చూపించాడు. దీన్ని కంటికున్న ప్రత్యేక మినహాయింపు అనుకోవచ్చు. కారణం కూడా తేలికగా అర్థమవుతుంది. ఒంట్లో యుద్ధం జరిగితే మచ్చ మిగులుతుంది. కాలి మీద మచ్చ ఉంటే నష్టం లేదు. కంటి అద్దం మీద మచ్చ ఉంటే చూపు పోతుంది. అందుకని కన్ను ప్రతి చిన్నదానికీ సైన్యాన్ని పిలవదు.

ఈ మినహాయింపు వల్లే ఒకరి కార్నియా మరొకరికి అతికించడం చాలా ముందే సాధ్యమైంది. 1905 డిసెంబర్‌లో ఎడ్వార్డ్ జిర్మ్ అనే డాక్టరు, ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఓలొమౌట్స్‌లో, మొదటిసారి మనిషి కార్నియాను ఇంకో మనిషికి అతికించి చూపు తెప్పించాడు. తిరస్కరణను ఆపే మందులు అప్పటికి పుట్టనే లేదు. ఆ రోగి ఎవరనుకున్నారు? సున్నం పడి కళ్లు పోగొట్టుకున్న ఒక కూలీ. సున్నం సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

మినహాయింపుకు ధర కూడా ఉంది. గాయంలో బూజు నాటుకున్న మొదటి రోజుల్లో అక్కడికి సైన్యం ఆలస్యంగా చేరుతుంది. బూజు మెల్లగా, నొప్పి పెద్దగా తెలియకుండా, పోగులు పోగులుగా లోపలికి పాకుతుంది. చిన్నాయన విషయంలో "తగ్గిపోయింది" అనుకున్న రోజులు అవే.

మన పొలం బూజే, మన కంటి బూజు

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వాళ్లు 1991 నుంచి 2000 దాకా తమ దగ్గరికి వచ్చిన బూజు పుండ్ల లెక్క తీసి ప్రచురించారు. పరీక్షలో బూజు అని తేలినవాళ్లు 1,352 మంది. నూటికి 37 మందిలో ఫ్యుజేరియం, దాదాపు 31 మందిలో ఆస్పర్జిల్లస్. సగానికి పైగా మందికి ముందు కంటికి దెబ్బ తగిలింది. ఎక్కువ మంది పని చేసే వయసు మగవాళ్లు.

ఫ్యుజేరియం అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? కంది ఎండు తెగులు, శనగ ఎండు తెగులు. జాతి ఒకటే, కంట్లో ఎక్కువగా కనిపించేవి దాని దాయాదులు. ఆస్పర్జిల్లస్‌లో నల్ల రకం శెనక్కాయకు మొదలు కుళ్లు తెస్తుంది, పసుపుపచ్చ రకం అఫ్లటాక్సిన్ చేస్తుంది. ఈ రెండూ కంట్లోనూ దొరుకుతాయి.

ఈ రోగం ఎవరిది అన్నదానికి ఇంకో లెక్క. 1990ల మొదట్లో తమిళనాడులోని మదురై జిల్లాలో ఏడాదికి లక్ష మందిలో 113 మందికి నల్లగుడ్డు మీద పుండ్లు వస్తున్నాయని తేలింది. అమెరికాలో ఒక జిల్లాలో అలాంటి లెక్కే తీస్తే 11. పది రెట్ల తేడా. వాళ్ల నిరోధక శక్తి మనకంటే పది రెట్లు గొప్పదని దీని అర్థం కాదు. మన కళ్లు మట్టికి, గడ్డికి, పొట్టుకు పది రెట్లు దగ్గర. ఆసుపత్రికి పది రెట్లు దూరం.

కాపలా సైన్యమే ఇల్లు తగలబెడితే

కొన్ని రోజులకు ఒంటికి సంగతి తెలుస్తుంది. కంటి తెల్లగుడ్డులోని నెత్తురు గొట్టాలు ఉబ్బుతాయి. ఎర్రబడటం అంటే అదే. తెల్లకణాలు గుంపులుగా కార్నియాలోకి దూరతాయి. బూజు పోగులు తెల్లకణం కంటే పొడవు, మింగడానికి కుదరదు. అందుకని అవి తమ దగ్గరున్న కరిగించే రసాలను బయటికి వదులుతాయి. ఆ రసాలు బూజునూ కొడతాయి, కార్నియా నారను కూడా కరిగిస్తాయి. గడ్డివాములో ఎలుకను పట్టడానికి వాముకే నిప్పు పెట్టినట్టు. మానిన తర్వాత అద్దం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మిగులుతుంది. మన ఊళ్లల్లో "కంట్లో పువ్వు పడింది" అనేది ఇదే. పువ్వు వేసేది రోగం ఒక్కటే కాదు, రోగంతో కొట్లాడిన మన ఒళ్లు కూడా.

మరి ఆ కొట్లాట ఆపితే పోదా? ఇక్కడే చిన్నాయన కన్ను పోయింది. షాపులో ఇచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ తెల్లకణాలను వెనక్కి పిలుస్తుంది. ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది, రోగి సంతోషించాడు. బూజు ఇంకా సంతోషించింది. కుక్కను కట్టేస్తే మొరుగుడు ఆగుతుంది, దొంగ పోయినట్టు కాదు. స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనడం లేదు. కొన్ని కంటి జబ్బుల్లో చూపు నిలిపేది అదే. ఏ కంట్లో ఏముందో మైక్రోస్కోప్‌లో చూడకుండా వేయడం ప్రమాదం.

బూజుకు వాడే అసలు మందు పేరు నటామైసిన్. మొదట్లో గంటగంటకూ వేయాలి, రాత్రిళ్లు కూడా లేచి. వారాల తరబడి సాగుతుంది. దక్షిణ భారతంలో అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. కొత్తదైన, ఖరీదైన వోరికొనజోల్ చుక్కల కంటే పాత నటామైసినే మేలని, ముఖ్యంగా ఫ్యుజేరియం మీద, అందులో తేలింది.

ఈ నటామైసిన్ ఎక్కడిది? దక్షిణాఫ్రికా నటాల్ మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ అనే జీవి తయారుచేసే పదార్థం. తొలకరికి మన నేల ఇచ్చే వాసన కూడా ఈ స్ట్రెప్టోమైసిస్ కుటుంబం పనే. కన్ను పొడిచేదీ మట్టే, మందిచ్చేదీ మట్టే. మనం మట్టిని నమ్ముకున్నవాళ్లం కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయా.

జీవామృతం నేలకు అమృతం, కంటికి కాదు

ఇప్పుడు మన ఇంటి మాట. ప్రకృతి వ్యవసాయం కాబట్టి పిచికారీలో కళ్లద్దాలు అక్కర్లేదని చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. కింద మూడు రకాలుగా చూడండి.

జీవామృతం, పంచగవ్యం: వాటి బలమే కోట్ల సూక్ష్మజీవులు. పేడ, మూత్రం, గట్టు మట్టి, బెల్లం కలిపి వాటిని పెంచుతున్నాం. గీసుకుపోయిన కంట్లో చుక్క పడితే గాయంలో ఎరువు వేసినట్టే. ట్రైకోడెర్మా లాంటి పొడులు కూడా బతికున్న బూజులే, గాలికి ఎదురుగా నిలబడి చల్లొద్దు.

అగ్నిఅస్త్రం: పచ్చిమిరప, వెల్లుల్లి, పొగాకు. పోయిన ఏడు నాజిల్ తీసి నోటితో ఊదుతుంటే నా కుడి కంట్లో చిమ్మింది. అరగంట కళ్లు తెరవలేదు. అదృష్టం కొద్దీ డ్రమ్ములో మంచినీళ్లున్నాయి. మంట కంటే ప్రమాదం ఏంటంటే, ఆ మంటకు మనం కన్ను నలుపుతాం, నలిపితే పై పొర లేచిపోతుంది.

బీజామృతం: ఇందులో సున్నం వేస్తాం. ఇరవై లీటర్లకు 50 గ్రాములే కదా అనొద్దు. కలిపేటప్పుడు చేతిలో ఉండేది పొడి సున్నం లేదా ముద్ద. సున్నం క్షారం. ఆమ్లం పడితే పైన కాలుస్తుంది. క్షారం కణాలను కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. పైన చెప్పిన ఆ కూలీ కళ్లు పోయింది సున్నానికే. ఇంటికి సున్నం కొట్టేటప్పుడు, తాంబూలానికి సున్నం డబ్బా పిల్లల చేతికి అందినప్పుడు కూడా ఇదే ముప్పు.

"ఇమ్యూనిటీ పెంచే పొడి ఉందా అన్నా?"

నేను మునగాకు పొడి అమ్ముతా, మీకు తెలుసు. "కంటిచూపుకు, ఇమ్యూనిటీకి మంచిదని లేబుల్ మీద వేయి, రెట్టింపు అమ్ముడుపోతుంది" అని ఒక డీలర్ సలహా ఇచ్చాడు. వేయలేదు. ఎందుకో చెప్తా.

నిజమున్న భాగం ముందు. విటమిన్ ఎ లేకపోతే కంటి కంచెలు నిజంగానే కూలతాయి. జిగురు చేసే కణాలు తగ్గుతాయి, పై పొర పొడిబారి గరుకవుతుంది. మొదట రేచీకటి, తర్వాత తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు, చివరికి నల్లగుడ్డు మెత్తబడి చితికిపోతుంది. తట్టు వచ్చిన పిల్లల్లో ఇది మరీ తొందరగా జరుగుతుంది. మన దేశంలో పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు పోసే కార్యక్రమం 1970లో మొదలైంది, దాని వెనక హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. మునగాకు, తోటకూర, కరివేపాకు, బొప్పాయి, మామిడిపండు ఇవన్నీ దీనికి మంచివే. కొంచెం నూనెతో వండితేనే ఒంటికి పడుతుంది. కొర్ర, సామల్లో వేరే మేలుంది కానీ విటమిన్ ఎ కోసం వాటిని నమ్ముకోవద్దు. పెరట్లో నాలుగు ఆకుకూరల మడులు ఉంటే చాలు, నా పొడి కొనాల్సిన పని లేదు.

కానీ సరిపడా తిన్నవాడు ఇంకా ఎక్కువ తింటే కాపలా ఇంకా పెరగదు. చిన్నాయన ఇంటి ముందే మునగచెట్టు ఉంది. తెగిన గట్టును ఏ పొడీ ఆపదు.

ఇంకో మాట. నిరోధక శక్తి ఎక్కువైతే మంచిది అనుకోవడమే తప్పు. కంటి జబ్బుల్లో చాలావాటికి కారణం అది తక్కువ కావడం కాదు, దారి తప్పడం. ఎండాకాలం మన పిల్లలు కళ్లు నలుపుకుంటూ, తీగలు సాగే పుసితో తిరుగుతారు చూడండి. అది దుమ్ముకు, వేడిగాలికి కంటి కాపలా అతిగా ఉలిక్కిపడే అలర్జీ. దానికి షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని ఏళ్ల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. శుక్లాలు కూడా రావచ్చు. యువైటిస్ అని ఇంకోటి ఉంది. కంటి లోపలి పొరలు వాస్తాయి. కొందరిలో క్షయ లాంటి రోగం వల్ల, కొందరిలో కీళ్ల వాపులతో పాటు, ఒళ్లు తన మీద తానే తిరగబడటం వల్ల వస్తుంది.

అన్నిటికంటే విచిత్రం ఇది. ఒక కంటికి లోతుగా పొడుచుకుని లోపలి పదార్థం బయటపడితే, అప్పటిదాకా దాన్ని సరిగా చూడని నిరోధక శక్తి దాన్ని పరాయిది అనుకుంటుంది. వారాలకో నెలలకో దెబ్బ తగలని రెండో కంటి మీద కూడా పడుతుంది. చాలా అరుదు, కానీ ఉంది. గుడ్డివాళ్ల లిపి చేసిన లూయీ బ్రెయిల్‌కు మూడేళ్ల వయసులో నాన్న తోలు పని చేసే చోట ఆరె ఒక కంటికి గుచ్చుకుంది. ఐదేళ్లు వచ్చేసరికి రెండూ పోయాయి. రెండో కన్ను పోవడానికి ఇదే కారణమై ఉంటుందని చాలామంది వైద్యుల అభిప్రాయం.

కాపలా నిజంగా తగ్గేది ఎవరికి? షుగర్ అదుపులో లేనివాళ్లకు. గాయం ఆలస్యంగా మానుతుంది, కంటి నరాలు మొద్దుబారి మంట కూడా సరిగా తెలియదు. అలాంటి పెద్దవాళ్లు మన ఊళ్లల్లో ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. "నొప్పి లేదు కదా" అని వాళ్లు అంటే నమ్మొద్దు, కంట్లోకి చూడండి.

కోతల్లో చేయాల్సినవి

వీడియో చివర చూపించినవే, ఫోన్‌లో దాచుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నా.

1. పక్కలు కూడా మూసిన ప్లాస్టిక్ కళ్లద్దాలు. కట్టె పీకేటప్పుడు, మిషన్‌లో కాయ కొట్టేటప్పుడు, తూర్పార పట్టేటప్పుడు, పిచికారీకి. ధర చాలా తక్కువ. కూలీలకు కూడా మనమే ఇవ్వాలి. కొడవలి ఇస్తున్నాం కదా, అలాగే.

2. నలక పడితే నలపొద్దు. మంచినీళ్లతో కడగండి, నీళ్లలో కన్ను ఆర్పండి. కొంగు కొనతో, అగ్గిపుల్లతో, నాలుకతో తీయించుకోవద్దు. నాలుక మీదా చీర కొంగు మీదా క్రిములుంటాయి. నల్లగుడ్డుకు అతుక్కుని ఉంటే డాక్టరే తీయాలి.

3. ఆకు పసరు, పూల రసం, ఆముదం, చనుబాలు, పసుపు నీళ్లు, తేనె ఏవీ వద్దు. మన పెద్దవాళ్ల వైద్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ తెగిన నల్లగుడ్డు మీద శుద్ధి చేయని ఏ రసం పడినా దానితో పాటు బూజు పడుతుంది.

4. సున్నం గానీ కషాయం గానీ పడితే ఆ క్షణంలోనే, పొలంలోనే, రెప్ప తెరిచి పట్టుకుని కనీసం ఇరవై ముప్పై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండండి. సున్నం పలుకులు రెప్ప కింద దాక్కుంటాయి, అక్కడ కూడా కడగాలి. తర్వాత ఆసుపత్రి. ముందు ఆసుపత్రి అని బయల్దేరితే దారిలోనే కన్ను కరిగిపోతుంది.

5. కంట్లో ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు, కడగొద్దు, నొక్కొద్దు. పేపర్ కప్పు బోర్లించి అంటించి నేరుగా పెద్ద ఆసుపత్రికి.

6. మరుసటి రోజు పొద్దుటికి నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక, తెల్ల చుక్క వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి. "కొమ్మ తగిలింది" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్ల ఆలోచన బూజు వైపు పోతుంది.

7. డాక్టరు చీటీ లేకుండా కంటి చుక్కలు కొనొద్దు. ఇంట్లో ఇంకొకరికి రాసిన పాత సీసా కూడా వద్దు. గాయమైన కంటికి కట్టు కట్టి మూసేయొద్దు, చెమ్మకు బూజు ఇంకా పెరుగుతుంది.

తొందరగా పోవడం ఎంత ముఖ్యమో చెప్పే ఒక అధ్యయనం నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగింది, 2001లో ప్రచురించారు. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలు కంటికి గీసుకుపోయినవాళ్లను చూసి, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు మూడు రోజులు వేశారు. 442 మందిలో 96 శాతం మందికి పుండు పడకుండా మానింది. పద్దెనిమిది గంటల లోపల వచ్చినవాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. మందు వేయని గుంపు పోల్చడానికి లేదు కాబట్టి అంతా మందు గొప్పతనమే అనలేం. కానీ పద్దెనిమిది గంటలు అనే లెక్కను నేను మర్చిపోను. చిన్నాయన కంటి డాక్టరు దగ్గరికి పోయింది తొమ్మిదో రోజు.

మన చుట్టుపక్కల కంటి వైద్యానికి దారులున్నాయి. పుట్టపర్తి సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో 1991 నుంచి వైద్యం ఉచితం, కంటి విభాగం ఉంది. అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పెద్దవాటికి కర్నూలు, తిరుపతి, బెంగళూరు, హైదరాబాద్ ఉన్నాయి. ఏ ఊరికి ఏది దగ్గరో, బస్సు ఎన్నింటికో కోతలకు ముందే కనుక్కుని పెట్టుకోండి. కన్ను మండుతున్నప్పుడు ఎవరికీ ఏదీ తోచదు.

చిన్నాయన ఈసారి కూడా కట్టె పీకడానికి వస్తున్నాడు. వద్దంటే వినే మనిషి కాదు. పోయిన వారం కళ్లద్దాలు ఇస్తే "ఉన్నది ఒక్క కన్నురా, దీనికి రెండద్దాలెందుకు?" అని నవ్వాడు. ఆ తర్వాత మారు మాట్లాడకుండా పెట్టుకున్నాడు. వీడియోలో మొదట కనిపించేది ఆయనే.

మీ ఇంట్లో ఎన్ని కళ్లున్నాయో అన్ని జతలు తెచ్చుకోండి. కోతలు అయ్యాక మళ్లీ విత్తనాల గురించి మాట్లాడుకుందాం.